రాగి తగలని నీళ్ళు

స్క్విడ్ చేప కాదని మొదటి మూడు రోజులు వచ్చిన ప్రతివాడికీ ఓపికగా చెప్పాను. నాలుగో రోజుకు ఓపిక అయిపోయింది. నాగర్‌కర్నూల్ ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో టికెట్ కొన్న జనం గుండ్రటి తొట్టి చుట్టూ మూగి, అది వెనక్కి వెనక్కి ఈదుతుంటే నవ్వి, కూర వండితే ఎట్లుంటుందని అడిగేవారు. బాగుంటుందని చెప్పి పంపేవాణ్ణి.

ఎగ్జిబిషన్ యజమాని శ్రీశైలమన్న. ప్రతి చలికాలం గాజు సొరంగాన్నీ, రంగు చేపల్నీ, జెయింట్ వీల్‌నూ లారీలకెక్కించి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ తిప్పుతాడు. ఒకటే రంగు చేపల్ని జనం ఎన్నేళ్ళని చూస్తారు? ఈసారి కొత్తదేదైనా కావాలని పట్టుబట్టాడు. సముద్రం ఒడ్డున పరిశోధనల హాలులో నాలుగేళ్ళు స్క్విడ్‌లకు మేత వేసి వచ్చినవాడొకడు బల్మూర్ దగ్గర ఉన్నాడని ఎవరో చెప్పారట. కారు వేసుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు.

నేను కుదరదన్నాను. వలలో పడితే దాని తోలు చీలుతుంది, గాలం వేసి ఒక్కొక్కటే పట్టాలి, నీళ్ళు వదలకుండా బకెట్‌తో ఎత్తాలి, దారిలో భయపడి సిరా కక్కితే ఆ సిరాలోనే ఊపిరాడక చస్తుంది, అన్నీ చెప్పాను. అతను అన్నీ విని, కావలసింది ఉప్పు నీళ్ళే కదా, మన బోర్లన్నీ ఉప్పు నీళ్ళే కదా అన్నాడు. మా దగ్గర ఉప్పు నీళ్ళంటే పప్పు ఉడకని బోరు నీళ్ళు. నాకు నవ్వొచ్చింది. నేను నవ్వుతుండగానే లోపల బియ్యం చెరుగుతున్న మా అమ్మ చాట ఆపి, "పోరాదు బిడ్డా. నేను సుత జర చూస్త," అని నన్ను పొమ్మంది.

మా అమ్మ దేవమ్మ నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. అడిగిందంటే నేను అప్పుడే అనుమానపడాల్సింది. పడలేదు. ఎగ్జిబిషన్‌కు రావాలని సరదా పడుతోందేమో అనుకున్నాను, గాడిదను.

నాకొక తమ్ముడు, పాల్. ఐదేళ్ళ కింద ఇద్దరం కలిసి సముద్రం పనికి పోయాం. పాలమూరు లేబర్ పోని చోటు ఉందా? కొత్తగా కడుతున్న జెట్టీకి అలలు తగలకుండా నీళ్ళలోకి రాళ్ళ కట్ట వేసే పని అది. ఆ గుంపులో మా ఊరివాళ్ళం మేమిద్దరమే. బస్సెక్కేటప్పుడు అమ్మ కొంగు ముడి విప్పి, నల్లదారానికి గుచ్చిన చిల్లి పైస తీసింది. నడుమ బొక్క ఉన్న పాతకాలం పైస. పాల్ పసివాడుగా ఉన్నప్పుడు ఊరికే జ్వరాలొస్తుంటే మా నాయనమ్మ వాడి మొలతాడుకు కట్టింది. అమ్మ దాన్ని మళ్ళీ కడతానంటే పాతికేళ్ళ వెధవ బస్టాండులో సిగ్గుపడి, వచ్చినంక కట్టమన్నాడు. అమ్మ దాన్ని తిరిగి కొంగులో ముడేసుకుంది.

కర్నూలు బస్సు బీచుపల్లి వంతెన మీదికి రాగానే అందరూ కిటికీల్లోంచి కృష్ణలోకి పైసలు వేశారు. మేము చర్చికి పోయేవాళ్ళమే, అయినా కృష్ణ దాటేటప్పుడు చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. నేను వేశాను. పాల్ జేబులు తడుముకుని, చిల్లర లేదని, వచ్చేటప్పుడు రెండు వేస్తానని నదికే చెప్పాడు. బస్సంతా నవ్వింది. పాల్ గురించి అమ్మకు నేను చెప్పగలిగిన నిజం అదొక్కటే కాబట్టి ఆ ముచ్చట తర్వాత పదిసార్లు చెప్పాను.

మూడో నెలలో వాడు పోయాడు. ఆ రోజు కట్ట చివర నిలబడి క్రేన్‌కు చెయ్యి ఊపాల్సింది నేను. పదకొండు గంటలప్పుడు నా ఫోన్ మోగింది. జర నిలబడరా, ఇప్పుడే వస్తానని వాణ్ణి నా చోట పెట్టి పది అడుగులు ఇటు వచ్చాను. తిన్నారా అని అడగడానికి మా అమ్మ చేసిన ఫోన్ అది. తిన్నామని నేను చెబుతుండగానే అల లేచింది. తర్వాత చూస్తే కట్ట చివర ఎవరూ లేరు. రెండు రోజులు వెతికాం, ఏమీ దొరకలేదు.

సాయంత్రం అమ్మ మళ్ళీ చేసింది. తమ్ముడేడని అడిగింది. "పన్నడు," అన్నాను. మా దగ్గర పన్నడంటే పడుకున్నాడని. తెల్లారి ఇంకేదో చెప్పాను. నెల తర్వాత కేరళ పోయాడన్నాను, తర్వాత వాడి ఫోన్ పోయిందన్నాను, ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. మానేస్తే నాకు సుఖంగానే ఉండింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. నిజం చెబితే ఎట్ల పోయాడని అడుగుతుంది. నా చోట వాడు నిలబడ్డాడని చెబితే, నువ్వెందుకు పక్కకు పోయావని అడుగుతుంది. దానికి ఆమె ముఖం చూస్తూ ఏమని చెప్పాలి? నీ ఫోన్ వచ్చిందనా?

ఇంటికి రావడానికి భయమేసి ఆ ఒడ్డునే ఉండిపోయాను. అలా దొరికిందే పరిశోధనల హాలులో పని. చేరిన రోజు అక్కడి పెద్ద సారు నా చేతి రాగి కడియం తీయించాడు. స్క్విడ్ రక్తంలోనే రాగి ఉంటుందట, కానీ నీళ్ళలో ఇసుమంత రాగి కరిగినా చచ్చిపోతుందట. ఆ హాలులో ఇత్తడి నల్లా కూడా లేదు, అంతా ప్లాస్టిక్కే. సారు చెప్పినవన్నీ నేర్చుకున్నాను. సారుకు తెలియనిది ఒకటుంది. కొత్త స్క్విడ్ వచ్చినప్పుడల్లా నేను తొట్టి మీదికి వంగి దాని కన్ను చూసేవాణ్ణి. రూపాయి బిళ్ళంత కన్ను, రెప్ప వేయదు. అది మా తమ్ముణ్ణి చూసి వచ్చిన కన్నని నాకు గట్టిగా అనిపించేది. ఒకవేళ నిజంగానే చూసి ఉంటే దానికి నేనెవరో కూడా తెలిసి ఉండాలి. స్క్విడ్ బతికేదే ఏడాది, అది చూసే వీలు లేదని సారు పాఠం వల్ల తెలుసు. తెలిసినా నాలుగేళ్ళు చూస్తూనే ఉన్నాను. చివరికి భయం ముదిరి పని మానేసి ఇంటికొచ్చాను.

శ్రీశైలమన్న కోసం మళ్ళీ ఆ ఒడ్డుకే పోయాను. పది స్క్విడ్‌లను, ఒక ట్యాంకర్ నిండా అక్కడి సముద్రం నీళ్ళను తెచ్చాను. మూత పెట్టిన గుండ్రటి టబ్బులు, మంచు సంచులు, గాలి మిషను, లారీ వెనక నేను. వెల్దండ దాటేసరికి మూడు మిగిలాయి, రెండో రోజుకు ఒకటి. మూల లేని తొట్టి ముందే కట్టించి పెట్టాను. లోపలి గోడకు నల్లగీతలు గీయించాను. గోడ కనబడకపోతే అది భయపడ్డప్పుడు వెనక్కి దూసుకుపోయి గుద్దుకుంటుంది, తోక దగ్గర పుండు పడితే ఇక మానదు. చుట్టూ నల్ల పరదాలు, ఒకటే మసక దీపం. నీళ్ళకు చల్లటి మిషను. అడుగున పలచగా ఇసుక. గాజు మీద తట్టొద్దని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాను, చదివినవాళ్ళు కూడా తట్టారు.

మేతకు బతికున్నవే కావాలి. చచ్చినదాన్ని ముట్టదు. పొద్దున్నే కేసరి సముద్రానికి పోయి అక్కడి చేపలవాళ్ళ దగ్గర చిన్న రొయ్యలు తెచ్చేవాణ్ణి. పేరు సముద్రమే కానీ అది చెరువు. మా నాగర్‌కర్నూల్‌కు ఉన్న సముద్రం అదొక్కటే.

అమ్మ రెండో రోజు నుంచి రావడం మొదలుపెట్టింది. పొద్దున ఊళ్ళో ఆటో ఎక్కి, ఎగ్జిబిషన్ తెరవక ముందే దిగేది. మొదటిసారి పరదా దగ్గర ఆపి, కీళ్ళ నొప్పులకని వేసుకున్న రాగి కడియం తీయించాను. రాగి తగిలితే అది చచ్చిపోతుందని రెండుసార్లు చెప్పాను. ఆమె బుద్ధిగా తీసి గేటు దగ్గరి బాలనాగమ్మకు ఇచ్చింది. ప్లాస్టిక్ స్టూలు వేస్తే కూర్చుంది. దాన్ని చూసి, ఇదేంది, ఇన్ని చేతులేంది అని అడుగుతుందనుకున్నాను. అవేవీ అడగలేదు. చాలాసేపు చూసి, "గిది నువ్వున్న సముద్రంలదేనా?" అంది. అవునన్నాను.

అప్పటి నుంచి నేను పరేషాన్. తెరిచే వేళకు రెండు గంటల ముందు ఆమె వచ్చి కూర్చునేది. అది తొట్టిలో ఎక్కడున్నా మెల్లగా ఆమె వైపుకు వచ్చి ఆగేది. మేత వేసేది నేను, దానికి అలవాటు కావాల్సింది నేను. నేను దగ్గరికి పోతే మాత్రం ఒళ్ళంతా తెల్లబడి అవతలి గోడకు పోయేది. అమ్మ ముందు దాని ఒంటి మీద ఎర్రటి చుక్కలు కదిలేవి, నీళ్ళలో దీపం కదిలినట్టు. ఆమె పెదవులు కదిలేవి. ఏం చెబుతోందో పంపు చప్పుడులో నాకు వినబడేది కాదు. వినాలనీ అనిపించలేదు. వాళ్ళిద్దరూ నా గురించే మాట్లాడుకుంటున్నారని మాత్రం అనిపించేది. పగటిపూటే ఇట్లా ఒళ్ళు జలదరించడమేమిటని నన్ను నేను తిట్టుకునేవాణ్ణి.

ఆరో రోజు నుంచి ఆమె నన్ను ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. అన్నీ నా పని గురించినట్టే ఉండేవి. దీన్ని పట్టే చోట ఎంత లోతుంటుంది? కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనబడుతుందా? కనబడదన్నాను. కేసరి సముద్రానికి ఉన్నట్టు చుట్టూ తిరిగి రావడానికి దారి ఉండదా? ఉండదన్నాను. ఆమె దానికి చాలాసేపు తల ఊపింది. ఐదేళ్ళుగా ఆమె మనసులో సముద్రమంటే కేసరి సముద్రమేనని, కొడుకు ఆ చెరువు అవతలి గట్టున ఎక్కడో తిరుగుతున్నాడని ఊహించుకుందని నాకప్పుడు అర్థమైంది.

ఏడో రోజు, నీళ్ళల్ల పడ్డది తేలదా అని అడిగింది. నేను గొట్టం కడుగుతున్నాను. తేలుతుంది, కానీ అల లోపలికి గుంజితే మరి దొరకదు, అని ఏదో మిషను గురించి చెప్పినట్టు చెప్పేశాను. చెప్పాక తలెత్తి చూసే ధైర్యం రాలేదు. ఆమె స్టూలు జరిపిన చప్పుడైంది, అంతే.

తొమ్మిదో రోజు నేను రొయ్యలు తెచ్చేసరికి ఆమె అప్పటికే బయటికొస్తోంది. కుడిచెయ్యి మణికట్టు దాకా తడిగా ఉంది. నాకు కోపమొచ్చింది. చేతులకు నూనె ఉంటుంది, సబ్బు ఉంటుంది, నీళ్ళు ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలని విసుక్కున్నాను. దాన్ని తాకలేదని చెప్పి, నా చేతిలోని బకెట్‌లోకి తొంగి చూసి, రొయ్యలు మంచిగున్నాయంది. బాలనాగమ్మ దగ్గర కడియం తీసుకుని వెళ్ళిపోయింది.

మరునాడు ఆమె రాలేదు. స్క్విడ్ రొయ్యను పట్టలేదు. ఎప్పుడూ రెండు పొడుగు చేతులు కంటికందనంత వేగంగా విసిరి పట్టేది, ఈసారి రొయ్య దాని ముందు నుంచే పోయినా చూస్తూ ఊరుకుంది. మధ్యాహ్నానికి ఒంటి మీద రంగు అతుకులతుకులుగా పోవడం మొదలైంది. నీళ్ళు పరీక్ష చేశాను, ఉప్పు సరిగ్గానే ఉంది. చల్లదనం సరిగ్గానే ఉంది. గాలి సరిగ్గానే ఉంది. సగం నీళ్ళు మార్చాను. అది కుదుటపడలేదు. పదకొండో రోజు అడుక్కు దిగి, చేతులన్నీ ఇసుక మీద పరిచి, ఒక పక్కకు ఒరిగింది. నేను వంగితే తెల్లబడలేదు, పారిపోలేదు. కన్ను మాత్రం నా మీదే ఉంది. నాలుగు గంటలకు, చుట్టూ జనం ఉండగానే, చచ్చిపోయింది. చంకలో పిల్లనెత్తుకున్న ఒకామె నన్ను పిలిచి, "గది పన్నదా అన్నా?" అని అడిగింది.

"పన్నది," అన్నాను. అన్నాక నా గొంతు నాకే అసహ్యమేసింది.

శ్రీశైలమన్న వచ్చి చూసి కాసేపు నిట్టూర్చాడు. తొట్టి ఖాళీ చేయి, రేపటికి తాబేళ్ళేస్తా అన్నాడు. పరదా మూసి నీళ్ళు వదిలాను. నీళ్ళన్నీ పోయాక, ఆమె స్టూలు వేసుకునే వైపున, ఇసుకలో ఏదో పచ్చగా కనబడింది. వేలితో తీశాను. చిల్లి పైస. అంచులకు పచ్చటి చిలుము పట్టింది. బొక్కలో ఇంకా నల్లదారం ఉంది. దాని ముడి విప్పలేదు, ముడి ముడిలాగే ఉంది. దారాన్ని పక్కన బ్లేడుతో కోశారు.

మా దగ్గర మగవాడు చనిపోతే మట్టిలో పెట్టే ముందు మొలతాడు తెంపుతారు. పాల్‌ది తెంపడానికి నడుము లేదు. ఉన్నదల్లా ఈ దారమే. దాన్ని తెంపి, వాడు కృష్ణలో వేయకుండా పోయిన పైసను వాడున్న నీళ్ళలో వేసింది. కడియం తీయమంటే తీసిన మనిషి దీన్ని ఎట్లా వేసిందని ఒక్క క్షణం అనుకున్నాను. ఆమెకు రాగి అంటే చెంబు, కడియం. పైస అంటే పైసే. అది రాగిదని ఆమెకు తోచి ఉండదు. ఆమెకు తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. నేనొక్కణ్ణే తెలియనట్టు తిరుగుతున్నాను.

పైసను తుడిచి జేబులో వేసుకున్నాను. బస్సులో కూర్చుని చెప్పాల్సినవన్నీ సిద్ధం చేసుకున్నాను. స్క్విడ్ దాని ఆయుష్షు తీరి చచ్చిందని చెబుతాను, పైస కనబడలేదన్నట్టే ఉంటాను. పాల్ మాట మాత్రం ఇవాళ కాదు, ఆదివారం ప్రార్థన అయ్యాక చూద్దాం అనుకున్నాను. ఐదేళ్ళుగా ఎన్ని ఆదివారాలు అనుకున్నానో లెక్క లేదు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాను. అమ్మ గడప ముందు కూర్చుని విత్తనానికి పల్లికాయ ఒలుస్తోంది. నా ముఖం చూసి చేతులు ఆపింది.

"సచ్చిపోయిందా?" అంది.

స్క్విడ్ గురించే అడిగింది. జవాబు ఒక్క మాట, దారంతా సిద్ధం చేసుకున్నదే. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"సచ్చిపోయిండు," అన్నాను.

వెనక్కి తీసుకోవచ్చు, నాలుక తడబడిందని అనొచ్చు. నేను అనలేదు. ఆమె కూడా దిద్దలేదు. ఒడిలోని పల్లికాయ ఒక్కొక్కటే చాటలోకి తీసి, కొంగు దులుపుకుని, పక్కన చోటు చేసింది. నేను కూర్చున్నాక, "గీ ఒక్క మాటకు ఐదేండ్లు పట్టె," అంది. కోపంగా అనలేదు. అలిసిపోయి అంది.

నాకు ఏడుపొచ్చింది. నీకెట్ల తెలుసమ్మా అని అడిగాను.

"ఫోన్‌ల ఇన్న గద బిడ్డా. నువ్వు తిన్నం అన్నవ్. ఎన్కనె పాలూ అని ఒర్లినవ్. గంతె, ఫోన్ కట్ అయింది." ఆమె చూపు ఎదురుగోడ మీదే ఉంది. "నువ్వే చెప్తవని ఊకున్న. నేనడిగితె నా నోటితోని వాణ్ణి సంపినట్టయితదని భయం."

అందుకే నాతో పాటు ఆమె కూడా ఐదేళ్ళు అబద్ధమాడింది. చర్చిలో పాస్టర్ అడిగితే కేరళలో ఉన్నాడంది. మా ఊరి పార్వతమ్మ తన బిడ్డను వాడికిస్తానంటే వచ్చాక మాట్లాడదామంది. నన్ను కాపాడటానికని ఆమె, ఆమెను కాపాడటానికని నేను. వాడు మాత్రం ఏ ప్రార్థనా లేకుండా, ఏ రాయీ లేకుండా ఆ నీళ్ళలో ఉండిపోయాడు.

తర్వాత ఆమె అడిగింది. నేను ఐదేళ్ళుగా పారిపోతున్న ప్రశ్న అదే. నా వైపు తిరిగి, నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"నేను గప్పుడు ఫోన్ చేయకుంటె, బతుకుతుండెనా?"

ఆమె పట్టు నుంచి నా చెయ్యి రాలేదు. ఆ అలను నేను చూడలేదు. నేను ఫోన్ వైపు తిరిగి ఉన్నాను. అది ఒకణ్ణి తీసుకుపోయే అలో, ఇద్దర్ని తీసుకుపోయే అలో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. కానీ ఈసారి కళ్ళు దించలేదు.

"లేదమ్మా. గంత పెద్ద అల. నువ్వు ఫోన్ చేసినవ్ గనుకనె నేను మిగిలిన. లేకుంటె ఇద్దరం పోతుంటిమి."

ఆమె ఆ మాటను నమ్మిందో, నమ్మాలనుకుందో. నా చెయ్యి వదిలి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆదివారం పాస్టర్‌కు చెబుదామంది. బొంద లేకపోయినా పేరు చెక్కి ఒక రాయి పెడదామంది. సరేనన్నాను. చాట మళ్ళీ ముందుకు లాక్కుని రెండు కాయలు ఒలిచాక, మామూలుగా, పొరుగింటి మేక గురించి అడిగినట్టు అడిగింది.

"మరి గది దేనికి సచ్చింది? మంచిగనె ఉండె గద."

పైస నా జేబులో తొడకు తగులుతోంది.

"దాని ఆయుష్షే గంతమ్మా," అన్నాను, ఆమె చాటలోంచి నేనూ పిడికెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను.